గిటార్ వెనక గుంయ్‌మన్న చప్పుడు

2011. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. జగిత్యాలలో నాది ఆంప్లిఫయర్లు, సీడీ ప్లేయర్లు బాగుచేసే చిన్న దుకాణం. కోరుట్లలో మా మామ పక్కన కూర్చుని నేర్చుకున్న పని. బడి చదువు తక్కువ కాబట్టి, మీటరు చూపిన అంకె తప్ప ఇంకేదీ నమ్మేవాణ్ని కాదు.

సిరిసిల్ల నుంచి రాజేశం ప్లేయరు, ఆంప్లిఫయరు మోసుకొచ్చాడు. దుబాయి హోటల్లో పనిచేసినప్పుడు అక్కడి గిటారిస్టు వాయించే జాజ్ విని మోజు పెంచుకున్నాడట. తిరిగొచ్చేటప్పుడు ఎస్ఏసీడీలు తెచ్చుకున్నాడు. మామూలు సీడీ కన్నా సూక్ష్మంగా రికార్డు చేసిన డిస్కులవి. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపిస్తుంది.

"రహీం భాయ్, గిటార్ ఎనక గుంయ్‌మని హమ్ అస్తుంది. మా ఇంటామెను ఇనమంటే, గిటారంటేనే గట్ల ఉంటదేమో అన్నది."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"మా బాపు సాంచాల మీద పనిచేసి చెవులు పోగొట్టుకున్నడు. దుబాయి పోకముందు నేను గూడ గదే పని చేసిన. హమ్ మిషన్ల ఉన్నదా, నా చెవులల్ల ఉన్నదా? గదొక్కటి చెప్పు."

సాంచాలంటే మరమగ్గాలు. మీటరు పెట్టి చూశాను. హమ్ లేనట్టే. హెడ్‌ఫోన్ అతనికిచ్చాను. బయట ర్యాలీ డప్పుల్లో ఏమీ తేల్చుకోలేకపోయాడు.

"మిషన్ మంచిగున్నది, తీస్కపో" అన్నాను.

"అంటే చెవులే అన్నట్టు" అన్నాడు మెల్లగా. "ఇగ డిస్కులు ఎవలకన్న ఇచ్చేస్త."

కొన్నాళ్లకు బంద్ రోజు ఫోన్ చేశాడు. "భాయ్, ఇయ్యాల గిటార్ ఒక్కటే ఇనవడుతుంది! హమ్ లేదు!"

"సాంచాలు నడుస్తున్నయా?"

"బంద్ అంటే ఎట్ల నడుస్తయే?"

"మరి నీ చెవులు గూడ బంద్ పాటించినయా?"

అవతల పెద్దగా నవ్వాడు.

బస్సులు తిరగ్గానే మీటరు పట్టుకుని సిరిసిల్ల వెళ్లాను. ప్లగ్గు మూడో పిన్నుకు ఎర్త్ వైరు బదులు న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, కలిపి ఉంది. ఇల్లు కట్టినప్పుడు ఎర్తింగ్ గుంతకు బండ అడ్డమొస్తే, వైరింగ్ చేసినాయన అలా కానిచ్చేశాడట. అదే లైను మీద పక్క సందులో సాంచాల షెడ్డు. మోటర్లు తిరిగినప్పుడల్లా ఆ న్యూట్రల్ మీద వోల్టేజి లేచి, గిటార్ వెనక హమ్‌గా వినిపిస్తోంది. పెరట్లో మరోచోట గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగ్ కొత్తగా చేయించాను. సాంచాలు నడుస్తుండగానే డిస్కు పెట్టాం.

రాజేశం హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి వేలెత్తి, "అగో, తీగ మీద ఏలు జారింది" అన్నాడు.

నా మీటరు జగిత్యాలలో కూడా నిజమే చెప్పింది. కానీ అతను అడిగింది ఒక్క మిషన్ గురించే కాదు, తన చెవుల గురించి కూడా. ఇప్పుడు ఏ ప్లేయరు వచ్చినా, మూత విప్పేముందు ఒక మాట అడుగుతాను: "దీన్ని ఎక్కడ కూసోని ఇంటవే?"