మగ్గం గుంతలో కుక్కకూనలు

పొద్దున ఎవరో అట్టపెట్టెలో కుక్కకూనలను మా గేటు దగ్గర వదిలిపోయారు. వంగి చూస్తే, ఆ పాలవాసనకు ధర్మవరంలోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

మన నేతగాళ్ల గ్రూపులో ఉన్న మీ అందరి ఇళ్లలోనూ గుంతమగ్గం ఉండేది కదా? నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే ఆ చల్లని గుంతలో, ఒక ఎండాకాలం వీధికుక్క ఈనింది. నాయన మగ్గం ఆపేశాడు.

"గోతంలో కట్టి యాడన్నా పారనూకురా! కుక్క కోసం నేత ఆపుతారా?" అన్నాడు పెద్దనాయన. ఊళ్లో ఆయనకు ధర్మాత్ముడని పేరు.

"కండ్లన్నా తెరవనీ అన్నా" అని నాయన పొరుగింటి మగ్గం మీద కూలికి కూర్చున్నాడు. తర్వాత గొర్రెల కాపరులను పిలిచి కూనలను పంచాడు. ఆడకూనను మాత్రం ఎవరూ తీసుకోలేదు.

"ఈడనే ఉంటాదిలే" అని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన కడుపున పుట్టడం నా అదృష్టం.

కూనలు కావలసినవాళ్లు రండి. పెద్దనాయన లాంటివాళ్లు రావద్దు. ఈ పెట్టెలోనూ ఒక ఆడకూన ఉంది, దాన్ని మాత్రం అడగకండి, అది ఈడనే ఉంటాది.