గడ్డం మీది వెంట్రుకలు

గౌలిపురలో మా ఇల్లు ఉన్న రోజుల్లో, ముఖం బాగుచేయించుకోవడానికి మా ఆడవాళ్లెవరూ గడప దాటేవారు కాదు. దారంతో వెంట్రుకలు తీసే ఆమె వెనక గుమ్మంలోంచి వచ్చేది. నాయనమ్మతో మొదలుపెట్టి అందరి ముఖాలూ శుభ్రం చేసి, చాయ్ తాగి వెళ్లేది. ఆమె వేళ్లకు ఎప్పుడూ పౌడరు వాసన ఉండేది.

అఫ్జల్‌గంజ్‌లోని మా బట్టల దుకాణం పోయింది. ఇల్లూ పోయింది. దారం పెట్టే ఆమె కూడా పోయింది. ఇప్పుడు జహనుమాలో రెండు గదుల్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. యాభై దగ్గరపడేసరికి గడ్డం మీద గట్టి వెంట్రుకలు మొలిచాయి. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని ప్లక్కర్‌తో పీకేసేదాన్ని. అవి ఎవరి కంటా పడకూడదు. దుకాణం పోయినప్పుడు జాలిపడ్డ బంధువులు నా ముఖం చూసి మళ్లీ జాలిపడితే భరించలేను.

పీకిన చోటల్లా నల్లమచ్చలు పడుతుంటే, ఇక లాభం లేదని మా పాత వీధిలోని పార్లర్‌కు వెళ్లాను. వాళ్ల దగ్గర వెంట్రుకలు పోగొట్టే ఐపీఎల్ అనే వెలుగు మెషిన్ ఉంది.

“లేజర్ గూడ గిదే అక్కా, పేరే వేరు,” అంది యజమానురాలు.

నమ్మబుద్ధి కాలేదు. బట్టను చేత్తో తడిమి నూలేదో కల్తీ ఏదో చెప్పే ఇంట్లో పుట్టినదాన్ని.

అఫ్జల్‌గంజ్ క్లినిక్‌లో డాక్టరమ్మ తేడా విడమరచి చెప్పింది. ఐపీఎల్‌లో రకరకాల వెలుగులు కలిసి ఉంటాయట. అవి వెంట్రుక నలుపుతోపాటు చర్మం రంగు మీదా పడతాయి కాబట్టి, మనలాంటి చామనచాయ వాళ్లకు కాలే భయం ఎక్కువట. లేజర్‌లో ఒకే రకం వెలుగు ఉంటుందట. అందులో లోతుకు దిగే రకం మన చర్మానికి మేలట. ఏదైనా ఒక్కసారితో అయిపోదని, మొత్తం పోతాయని మాట ఇవ్వలేనని కూడా చెప్పింది. ఆ మాటతో నమ్మకం కుదిరింది. పీకవద్దని కూడా చెప్పే ఉంటుంది. నా చెవికి ఎక్కలేదు.

లేజర్‌కు వెళ్లే పొద్దున కూడా ఒక్కటి మిగలకుండా పీకాను. పరాయి మనిషి ముందుకు అలాంటి ముఖంతో ఎలా వెళ్తాం?

మెషిన్ దగ్గరి అమ్మాయి దీపం వెలుగులో చూసి నవ్వింది. “మొత్తం పీకి వచ్చిన్రేంది ఆంటీ? లోపల వెంట్రుక కుదురు లేకుంటే మెషిన్ దేన్ని పట్టుకోవాలె?”

“మా ఇంట్ల గట్లనే పోతం.”

“నెలన్నర పీకకుండ్రి. రేజర్‌తో గీక్కోవచ్చు.”

“మా ఇంట్ల ఆడోళ్ల ముఖానికి కత్తి పెట్టరు.”

“అయితే పెంచుకోండ్రి మరి!”

పెంచుకున్నాను. ఎవరు తలుపు తడతారోనని పొద్దున లేవగానే చెంగు గడ్డం దాకా లాక్కునేదాన్ని. పాల ప్యాకెట్ గుమ్మం ముందు పడేది. కింది వాటాలో ఉన్న ఇంటావిడ మెట్ల మీద ఎదురైనప్పుడు ఫోన్‌లో మాట్లాడుతూ తలూపేది. బంధువులెవరూ రాలేదు. కొన్నాళ్లకు చెంగు జారినా సర్దుకోవడం మానేశాను. ఇన్నేళ్లూ ఎవరి కంట పడకూడదని అద్దం ముందు కూర్చున్నానో, వాళ్లెవరూ ఇటు చూడటమే లేదు.

మళ్లీ వెళ్లినప్పుడు ఆ అమ్మాయి నా గడ్డాన్ని అరచేతిలోకి తీసుకుని వెలుగు వైపు తిప్పింది. దారం పెట్టే ఆమె తర్వాత నా ముఖం మీద మరో మనిషి చేయి పడటం అదే మొదటిసారి. కళ్లు మూసుకున్నాను.

“సగం తెల్లబడ్డయి ఆంటీ. తెల్లవాటి మీద లేజర్ పనిచెయ్యది, ఐపీఎలూ పనిచెయ్యది. కోర్సు అయినంక దారంతోనే తియ్యాలె.”

“నీకు వస్తదా?”

“మా అమ్మ నేర్పింది. మస్తు వస్తది.”

“అయితే ఇంటికొచ్చి పెట్టు,” అన్నాను, నాయనమ్మ గొంతుతో.

“ఇంటికి రాను ఆంటీ. మీరే రావాలె.”

ఆమె చేయి ఇంకా నా గడ్డం కిందే ఉంది.

“వస్త,” అన్నాను.