పది లక్షల మూడు

మొన్న మా మనవరాలు హోంవర్కు చేసుకుంటూ ప్రధాన సంఖ్య అంటే ఏమిటని అడిగితే, ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగించలేనిదని పుస్తకంలో మాట అప్పజెప్పాను గాని, నా మనసు మాత్రం రాయచూరు దగ్గర విద్యుత్కేంద్రం క్వార్టర్లలో నాలుగు నెలలు మంచం దిగకుండా గడిపిన రోజులకు వెళ్ళిపోయింది.

అంతకుముందు రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. మూడోసారి డాక్టరమ్మ కాన్పయ్యేదాకా కాలు కింద పెట్టొద్దంది. మావారు డ్యూటీకి పోతే, గిల్లేసూగూరు నుంచి వచ్చిన మా అత్తమ్మే తోడు. బి.ఎస్సీ. లెక్కలు చదివిన నేను ఆ పగళ్ళన్నీ గోడవైపు తిరిగి భయపడుతూ పడుకునేదాన్ని.

అత్తమ్మ బడికి పోయిన మనిషి కాదు. ఒకనాడు చాటలో మిగిలిన పదమూడు పల్లీలను రెండు కుప్పలు, మూడు కుప్పలు, నాలుగు కుప్పలు చేసినా ఒకటి మిగిలిపోతోందని విసుక్కుంటే, అట్లాంటి సంఖ్యలు ఎంత దూరం పోయినా వస్తూనే ఉంటాయని చెప్పాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"గిదేంది పిల్లా! పది లక్షల కాడ గూడ గిట్ల పంచరానిది ఉంటదా?"

ఉంటుందన్నాను గాని ఏదో తెలియదు. పది లక్షలు సరిసంఖ్య. దాని పక్కది నూటొకటితో పోయింది. ఆ పైది మళ్ళీ సరిసంఖ్య. పది లక్షల మూడు దగ్గర ఆగాను. రెండు కారణాంకాలూ వెయ్యి దాటితే వాటి లబ్ధం దీన్ని మించిపోతుంది కనుక, వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు; అవి నూట అరవై ఎనిమిది.

రోజుకు రెండు చొప్పున భాగించాను. ఏడుతో నాలుగు మిగిలింది, పదమూడుతోనూ నాలుగే. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వచ్చి అత్తమ్మ "మిగిలిందా?" అనేది, మిగిలిందంటే ఇద్దరికీ ఆ పూట గండం గడిచినట్టుండేది. ఎనిమిదో నెలలో ఒకరోజు రక్తం కనబడి డాక్టరమ్మ పరుగున వచ్చింది. అత్తమ్మ నా కాగితాలు తీసి దిండు కింద పెట్టి, "పానం కుదుటపడ్డంక జేద్దువు, అది యాడికి వోతది" అంది.

చివరిది తొమ్మిది వందల తొంభై ఏడు. పన్నెండు మిగిలింది. నాకు ఏడుపొచ్చేసింది. అత్తమ్మ చాలాసేపు ఆ అంకెలవైపే చూసింది, అవి ఆమెకు చదవరాకపోయినా.

"మనం పుట్టకముందు గూడ అది గిట్లనే ఉండెనా?"

"ఉంది అత్తమ్మా. ఎవరూ లేనప్పుడు కూడా."

ఆమె మెల్లగా చేతులు జోడించింది. ఎవరికని నేను అడగలేదు.

ఆ తర్వాత పదకొండో రోజున మా అమ్మాయి పుట్టింది.

అత్తమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఇంతకంటే ఎంతో పెద్ద సంఖ్యలకైనా ఫోను రెప్పపాటులో జవాబు చెబుతుంది, మంచిదే. కాని ఒక్క ప్రశ్నను ముందు పెట్టుకుని ఇద్దరు మనుషులు అన్ని పగళ్ళు ఒకే గదిలో కూర్చోవడం ఈ మధ్య నేనెక్కడా చూడలేదు.