మమతారాణి రాసిన పేజీ

మమతారాణి ఏం ఉద్యోగం చేస్తుందో సిరిసిల్లలో వాళ్ల వాడకట్టున ఎవరికీ సరిగ్గా తెలియదు. తల్లి బాలలక్ష్మి బీడీలు చుట్టుకుంటూ, అడిగిన వాళ్లకల్లా "కరీంనగర్ల కంప్యూటర్ మీద పుస్తకాలు రాస్తది" అని చెబుతుంది. కథలా అని ఎవరైనా అడిగితే, "ఏమో తల్లీ, కథలైతే మనకు ఒక్కటన్న చెప్పకపోవునా" అంటుంది. ఆ తల్లి మాటలో అబద్ధమేమీ లేదు. మమతారాణి రాసేది పుస్తకాలే. కాకపోతే వాటిని మొదటి నుంచి చివరిదాకా చదివే ఓపిక ఈ లోకంలో ఎవరికీ లేదు, రాసినది ఎవరని అడిగే తీరికా లేదు.

సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ ఒకే ముద్దగా చెయ్యరు. ముక్కలు ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకూ కాంపోనెంట్ అని పేరు పెడతారు. ఆ ముక్కలో ఏ మీట, అంటే ఏ సెట్టింగ్, ఏం చేస్తుందో చెప్పే పుస్తకం ఒకటి ఉండాలి కదా, అదీ మమత పని. పని అంటే పూర్తిగా ఆమెదీ కాదు. ఆఫీసులో ఒక టూల్ ఉంది. ప్రోగ్రాం రాసినవాళ్లు కోడ్ పక్కన ఏవైనా నాలుగు మాటలు రాసిపెడితే, వాటిని ఏరుకొని ఒక్కో మీటకు ఒక్కో పేజీ తయారుచేస్తుంది. రాసిపెట్టకపోతే? అప్పుడు పేరునే తిప్పి వాక్యం చేస్తుంది. "స్పీడ్: స్పీడ్‌ను నిర్ణయిస్తుంది." అన్నం అంటే ఏమిటని అడిగితే అన్నమే అని చెప్పే మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ టూల్ అచ్చం అదే. బటన్ నొక్కితే వందల పేజీలు బిలబిలమంటూ వచ్చిపడతాయి. ఎక్కడ ఏం లోపించిందో చూసి సరిచేయడానికి మమతకు జీతం.

ఈ ఉద్యోగం ఆమెకు ఊరికే రాలేదు. తండ్రి రామచంద్రం కొమురెల్లి అనే యజమాని షెడ్డులో సాంచెలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలనే అంటారు. ఆ చప్పుడులోనే కూర్చొని ఇంటర్ చదివింది, కరీంనగర్‌లో డిగ్రీ చేసింది. ఇంగ్లీషు వాక్యం తప్పు లేకుండా రాస్తుందని ఈ చిన్న కంపెనీ పిలిచి కుర్చీ ఇచ్చింది. తనకంటూ ఒక కుర్చీ ఉండడం ఆ ఇంట్లో అదే మొదలు, ఆమె దాన్ని చాలా ఇష్టపడింది.

ఆ కుర్చీలో కూర్చొని ఉండగానే సాంచెల డబ్బా పని వచ్చింది. పుణెలో ఏదో కంపెనీ మరమగ్గాలకు బిగించే కంట్రోల్ డబ్బా తయారుచేసింది. దాని లోపలి సాఫ్ట్‌వేర్‌కు రిఫరెన్స్ పుస్తకం కావాలి. మమతకు సంబరమేసింది. తనకు తెలిసిన వస్తువు గురించి రాయడం ఇదే మొదటిసారి. టూల్ బటన్ నొక్కి, పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగింది.

"ఆటో రెజ్యూమ్: ఆటో రెజ్యూమ్‌ను నిర్ణయిస్తుంది. మామూలు విలువ: ఆన్."

అంతే ఉంది. దాని అర్థం మాత్రం ఆమెకు వెంటనే తెలిసింది. ఎవరూ మార్చకపోతే, కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు సాంచె దానంతటదే నడుస్తుంది.

సాంచెల మనుషులు కరెంటు పోతే ఏం చేస్తారో పుణె వాళ్లకు ఎవరు చెబుతారు! ఊరికే కూర్చుంటే కూలీ రాదు. తెగిన పోగులన్నీ ఆ కాస్త సేపట్లోనే అతుకుతారు. సాంచె నడిస్తే ఊగి వచ్చి కొట్టే బరువు పలకకూ బట్టకూ నడిమి సందులో మోచేతిదాకా చెయ్యి పెట్టి, వేళ్లతోనే పోగు వెతుక్కుంటారు. అది ఎవరూ నేర్పే పని కాదు, దీపం ఆరగానే చెయ్యి దానంతటదే పోతుంది. పాత స్టార్టర్ ఉన్నన్నాళ్లూ భయం లేదు. కరెంటు పోగానే అది ఆఫ్ అయిపోయేది, మళ్లీ ఒకరు వచ్చి పచ్చ బటన్ నొక్కితేనే సాంచె కదిలేది. ఈ కొత్త డబ్బా ఎవరినీ అడగదు.

మమత ఆ పేజీలోనే రాసింది. "జాగ్రత్త. కరెంటు తిరిగి వచ్చినప్పుడు యంత్రం తనంతట తానే కదులుతుంది. చేతితో పని చేసే చోట దీన్ని ఆఫ్ చేసి బిగించాలి." చదువుకొని తృప్తిపడి ఇంటికి పోయింది. మర్నాడు పుణె నుంచి కొత్త కోడ్ వచ్చింది. బటన్ నొక్కగానే టూల్ పేజీలన్నీ కొత్తగా పుట్టించింది, ఆమె మాటలు పోయాయి. మళ్లీ రాసింది. మళ్లీ పోయాయి. పొద్దున రాయడం, సాయంత్రానికి తుడిచిపెట్టుకుపోవడం. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆమె కీబోర్డు మీద చూపించింది.

"తయారైన పేజీల రాస్తే ఉండదు మమతా" అన్నాడు మేనేజర్ అరుణ్‌కుమార్. "టూల్ల మన మాటలకు వేరే ఫైల్ ఉంటది. అండ్ల రాయి, ఎన్నిసార్లు నొక్కినా పోదు."

ఇంత చిన్న సంగతి తెలియనందుకు తనను తానే తిట్టుకొని, అందులో రాసింది. నిలిచింది. టూల్ దాన్ని ముట్టుకోలేదు. ఈసారి పుణెలో పేజీలు సరిచూసే మనిషి ముట్టుకున్నాడు. "రిఫరెన్స్‌లో కోడ్‌లో ఉన్నదే ఉండాలి. ఇలాంటి మాటలు కొనేవాళ్లను భయపెడతాయి" అని రాసి, ఆ వాక్యాలు తీసేసి పంపాడు.

"సార్, ఇది మనుషుల చేతుల సంగతి" అంది మమత.

"నాకు తెల్వదా? మా మేనమామ కూడా సాంచెల మీదనే బతికిండు." అరుణ్‌కుమార్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "రెండుసార్లు మెయిల్ పెట్టిన. ఫోన్ చేసిన. వాళ్లది మార్చుకోండ్రి అంటే మార్చుకుంటరా? పుస్తకం వాళ్లది. మనం రాసిచ్చేటోళ్లం."

ఆయన మంచివాడే. ఈ వ్యవహారంలో చెడ్డవాడంటూ ఎవరూ దొరకకపోవడమే మమత ఖర్మ. ఒకడు దొరికితే వాడి మీద పడి కొట్లాడేది.

వానకాలం మొదట్లో ఇంటికి ఫోన్ చేస్తే తల్లి సంతోషంగా చెప్పింది. "కొమురెల్లి షెడ్డుల కొత్త డబ్బాలు పెట్టిచ్చిండట బిడ్డా. మీ బాపు మస్తు మెచ్చుకుంటుండు."

అవి ఏ డబ్బాలో మమతకు అర్థమైంది. తండ్రికి ఫోన్ ఇవ్వమని, ఉన్నదంతా చెప్పింది. "సరే బిడ్డా, జాగ్రత్తగనే ఉంట, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడాయన. ఎండలో తిరగకు అంటే చెప్పే సరే లాంటిదే అది. ఆమె సెలవు పెట్టి బస్సెక్కింది.

షెడ్డులో సాంచెలు దడదడలాడుతున్నాయి. ఆసామి కొమురెల్లి ఆమెను చూసి బయటి గద్దె మీద కూర్చోబెట్టాడు, ఛాయ్ తెప్పించాడు, చెప్పిందంతా ఓపికగా విన్నాడు.

"మామా, గా మీట బంద్ చేపియ్యుండ్రి. పాత తీరుగ బటన్ నొక్కితేనే నడిచేటట్టు" అని బతిమాలింది.

"చేపియ్యనా మరి! నాకు మాత్రం పనోళ్ల చేతులు వద్దా?" అని కొమురెల్లి వెంటనే డబ్బాలు బిగించిన శ్రీహరికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

శ్రీహరి మర్యాదగానే మాట్లాడాడు. "అక్కా, లాప్‌టాప్ పెట్టి మార్చుడు ఐదు నిమిషాల పని. కానీ కంపెనీ పెట్టిచ్చింది మేం మారిస్తే గ్యారంటీ పోతది, నా ఏజెన్సీ కూడా పోతది. మార్చుమని పుస్తకంల ఉంటే చూపెట్టు, ఇప్పుడే వస్త. నేను చూసిన, పేజీల అట్ల ఏం లేదు."

మమత ఫోన్‌లో ఆ పేజీ తెరిచింది. ఒక్క వాక్యం ఉంది. కింద "మామూలు విలువ: ఆన్" అని ఉంది. మిగతాదంతా తెల్లగా ఉంది.

"గా పుస్తకం నేనే రాసిన శ్రీహరన్నా" అంది.

కొమురెల్లి నిజంగానే అర్థంకాక ఆమె వైపు తిరిగాడు. "నువ్వే రాస్తివా? మరి గీ ముచ్చట అండ్ల రాయకపోతివి, బిడ్డా?"

ఆమెకు ఏడుపొచ్చింది. ఎన్నిసార్లు రాసిందో, అది ఎట్లా పోయిందో ఏ మాటల్లో చెప్పాలో తోచలేదు. చెప్పినా ఈ ఇద్దరికీ దానితో ఒరిగేదేమీ లేదు. అంతలో పడమటి నుంచి గాలిదుమారం లేచింది, రేకులు గడగడలాడాయి, కరెంటు పోయింది.

దడదడ ఒక్కసారి ఆగిపోయింది. మమత ఛాయ్ గ్లాసు పడేసి లోపలికి ఉరికింది. మసక వెలుతురులో తండ్రి అప్పటికే సాంచె మీదికి వంగి ఉన్నాడు. కుడిచెయ్యి సందులో ఉంది. ఆమె రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకొని బయటికి గుంజింది.

"ఏందే?" అని రామచంద్రం తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు. "అగో, నాకు యాదికే లేదు బిడ్డా." మరుక్షణమే నవ్వి, "ఇగ విడువు. పోగులు తెగి ఉన్నయి, ఉత్తగ నిలవడితె ఎట్ల?"

ఆమె విడవలేదు. ఆయన వెనకాల వరుసలో సాంచెల మీద మనుషులు వంగి ఉన్నారు. పక్క సాంచె మీద రాయమల్లు, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి పోగు వెతుకుతున్నాడు.

"కాకా, చెయ్యి తియ్యి! కరెంటొస్తే సాంచె అదే నడుస్తది! తియ్యుండ్రి అందరు!" అని అరిచింది.

"కరెంటు లేదు కదనే పిల్లా" అన్నాడు రాయమల్లు, తల ఎత్తకుండానే.

తండ్రిని విడిచి అటు పోతే తండ్రి చెయ్యి మళ్లీ లోపలికి పోతుంది. ఆమె ఆ మణికట్టును అట్లాగే గట్టిగా పట్టుకొని, రాయమల్లును పేరుపెట్టి పిలుస్తూనే ఉంది.