తెర మీద తాతగారు

మా ఇంటి ముందు చావడి ఇప్పుడు మాది కాదు. రాజోలు దగ్గర మా ఊళ్ళో ఉన్న ఆ ఇంటిని, కొబ్బరితోటలు పోయాక, నాన్నగారు అమ్మేశారు. కొన్నది ఒక బడిపంతులమ్మగారు. ఆవిడ తల్లి ఒకప్పుడు మా చేలల్లో నాట్లు వేసిన మనిషి. పెరటివైపు రెండు గదులు నాకు మిగిలాయి. అక్కడే కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాను. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

టీచరుగారు రిటైరయ్యాక చావడిలో పిల్లల కోసం ఒక పాత కంప్యూటర్ పెట్టారు. ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా అందులో వెయ్యమని నన్ను పిలిచారు.

"ఆన్ చెయ్యగానే తెర మీద ఆ చక్రం తిరగడం నాకు నచ్చదండీ. ఏదైనా మంచి బొమ్మ వచ్చేలా పెట్టండి. మీ ఇష్టం."

నా ఇష్టమే పెట్టాను. తలపాగా చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని, అదే చావడిలో కూర్చున్న తాతగారి ఫొటో. అది వేలాడిన మేకు ఆ గోడకి ఇంకా ఉంది. ఫొటోని స్కాన్ చేసి, తెర కొలతకి కత్తిరించి, నల్లటి చీకట్లోంచి నెమ్మదిగా తేలేటట్టు అమర్చాను. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ముందు తలపాగా కనిపించింది, తర్వాత కళ్ళు, ఆ తర్వాత మీసం. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. ఆయన ముందు మా ఇంట్లో ఎవరూ కూర్చునేవారు కాదు.

టీచరుగారు చూశారు. "తాతగారే కదండీ" అని ఊరుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ తల్లి చావడిలోకి వచ్చింది. చూపు మందగించి బైబిలు చదువుకోలేకపోతోందని, వాక్యాల రికార్డింగులు కంప్యూటర్లో వేసి ఉంచాం. ఆమె బల్ల మీద కూర్చున్నాక ఆన్ చేశాను. చీకట్లోంచి తాతగారు వచ్చారు. ముసలామె బల్ల అంచు పట్టుకుని లేచింది. పైట భుజం మీదికి లాక్కుని, అలాగే నిలబడింది.

"కూర్చో అమ్మా, అది ఫొటో" అన్నారు టీచరుగారు.

"నాకు తెలీదేంటే? కాళ్ళకి తెలవొద్దూ?" అని, తెర మీద బొమ్మ పోయాక నావైపు తిరిగింది. "ఏం లేదండీ బాబుగారూ. ఆయన లోపలికెళ్ళేరుగా, ఇప్పుడు కూర్చుంటాను, ఆయ్."

విన్నంతసేపు విని లేచింది. నేను కంప్యూటర్ ఆపాను. ఆపేటప్పుడు కూడా అదే బొమ్మ వస్తుందన్న సంగతి నాకు తట్టలేదు. తాతగారు మళ్ళీ వచ్చారు. గుమ్మం దాకా వెళ్ళిన ముసలామె గోడ పట్టుకుని ఆగిపోయింది.

"వెళ్తా వెళ్తా మళ్ళీ ఓసారి చూసేరు. పెద్దబాబుగారు ఏం మారలేదండి" అని నవ్వింది.

టీచరుగారు నవ్వలేదు. తల్లిని ఇంట్లోకి పంపి, అరుగు మీదికి వచ్చి మెల్లగా చెప్పారు. "మా అమ్మ ఈ చావడిలో కూర్చోవాలనే ఈ ఇల్లు కొన్నానండీ. ఇంకెందుకూ కాదు. ఆ బొమ్మ తీసెయ్యండి."

"అలాగేనండీ" అన్నాను. ఆ సాయంత్రమే కూర్చుని ఫొటోని చెరిపేసి, తీసేశానని ఆవిడకి చెప్పాను.

మర్నాడు ఆన్ చేస్తే తాతగారు వచ్చారు.

అదే తలపాగా, అవే కళ్ళు. సగం కూర్చున్న ముసలామె మళ్ళీ లేచింది. నా వెన్ను చల్లబడింది. డిస్క్ అంతా వెతికాను. ఫొటో ఎక్కడా లేదు.

"తీసేశానన్నారు కదండీ" అన్నారు టీచరుగారు.

మా వంశంలో ఎవరినీ ఎవరూ ఆ గొంతుతో అడగలేదు. "తీసేశానండీ. ఆయనే పోలేదు" అన్నాను.

కాసేపటికి కారణం దొరికింది. సిస్టమ్ పూర్తిగా లేవకముందే మేలుకునే చిన్న మూట ఒకటి ఉంటుంది. అది బొమ్మని తన దగ్గర విడిగా దాచుకుంటుంది. ఆ మూటని మళ్ళీ కట్టేదాకా, మనం చెరిపేసినదాన్ని అది చూపిస్తూనే ఉంటుంది. కారణం తెలిశాక కూడా ఆ చలి పోలేదు.

మూట మళ్ళీ కట్టాను. ఈసారి బొమ్మ లేదు, చక్రం లేదు, ఒట్టి నలుపు. ఆపి, ఆన్ చేశాను.

"ఎవరూ రారా?" అంది ముసలామె, తెరలోకి వంగి చూస్తూ.

"రారు మామ్మగారూ. కూర్చోండి."

ఆమె కూర్చోబోయి ఆగింది. నల్లటి అద్దంలా ఉన్న తెరలో ఆమె వెనక నేను నిలబడి ఉన్నాను. నాకు తలపాగా లేదు, మీసం లేదు. నిటారుగా ఉన్న ఆ మెడ మాత్రం ఆయనదే.

"మీరు నిలబడితే నేనెలా కూర్చుంటానండీ" అంది.

గోడ దగ్గరికి వెళ్ళి, మేకు కింద, నేల మీద కూర్చున్నాను. మామ్మగారు అప్పుడు బల్ల మీద సర్దుకుని కూర్చుంది. వాక్యం మొదలైంది.

ఇప్పుడు రోజూ కంప్యూటర్ ఆన్ చేసి, ముందు నేను కూర్చుంటాను. ఆ నల్లటి క్షణం గడిచేదాకా తెరవైపు మాత్రం చూడను.