కుందేలు గురించి ఒక్క చెడ్డ మాట

మొన్న పొద్దున్న పాలాయన గిన్నెలో పాలు పోస్తూ చెప్పాడు, మా వీధి పశువుల డాక్టరు గారు నిద్రలోనే పోయారని. మా అత్తయ్య గారు గుమ్మంలోనే కూలబడ్డారు. "అయ్యో, ఆ ఒక్క మాటా అడగనే లేదే అమ్మాయ్" అన్నారు. ఏ మాటో నాకు తెలుసు.

తణుకులో రిటైరైనా ఆయన ఖాళీగా కూర్చునే మనిషి కాదు. చొక్కా జేబులో పెన్ను పక్కన థర్మామీటరు, భుజాన పాత తువ్వాలు. కుందేలు కనబడితే తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని "ఏమ్మా, భోంచేశావా?" అనేవారు. మనుషుల్ని మాత్రం అంత ముద్దుగా పలకరించేవారు కాదు లెండి. ఆయనున్నన్నాళ్ళూ మా వీధిలో మూగజీవాలకి ఓ దిక్కుండేది.

ఇళ్ళల్లో పెంచుకునే కుందేళ్ళకి ఓ కంపెనీ కొత్త టీకా తయారు చేసింది. అమ్మకానికి పెట్టేముందు దానివల్ల హాని ఏమైనా ఉందేమో చూసి చెప్పమని ఈయన్ని అడిగింది. ఒప్పుకున్న ఇళ్ళల్లో టీకాలు వేసి, రోజూ సాయంత్రం తిరిగి అడిగేవారు. ఎవరింటికెళ్ళినా ఒకటే జవాబు: "దివ్యంగా ఉందండి. కూర్చోండి, కాఫీ తాగుదురు గాని." ఆయనకి ఒళ్ళు మండేది. "కాఫీ తర్వాతండీ! ముందు కుందేలు గురించి ఒక్క చెడ్డ మాట చెప్పండి. మీరు దాచారంటే రేపు ఊరూరా కుందేళ్ళ ప్రాణం మీదికొస్తుంది."

అత్తయ్య గారి కుందేలుకి టీకా వేసిన చోట గడ్డ కట్టింది. మేత మానేసి, చివరికి చనిపోయింది. డాక్టరు గారికి చెబుదామండీ అని నేనంటే, "ఊరుకో, పెద్దాయన ఎంత నొచ్చుకుంటారు! మన ఇంటికొచ్చి మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాలా?" అన్నారు. ఆయనొచ్చినప్పుడు నవ్వుతూ, "మా చెల్లెలి మనవరాలు ముచ్చటపడితే పెద్దాపురం పంపించేశామండి. గంతులేస్తోందట" అన్నారు. ఆయన నమ్మి, అంతా క్షేమమని కంపెనీకి రాసేశారు.

మరిడమ్మ జాతరకి పెద్దాపురం వెళ్ళిన డాక్టరు గారు దర్శనం చేసుకుని వచ్చేయొచ్చు కదా! కుందేల్ని కూడా చూసొద్దామని, అత్తయ్య గారి చెల్లెలి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. "ఏ కుందేలండీ?" అన్నారట వాళ్ళు.

తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. కేకలేస్తారనుకున్నాం. "నొచ్చుకోవడమే నా ఉద్యోగం కదమ్మా, అది కూడా చెయ్యనివ్వలేదే" అన్నారు, అంతే. మళ్ళీ అన్ని ఇళ్ళూ తిరిగితే, గడ్డలూ జ్వరాలూ దాచినవాళ్ళు ఇంకొందరు బయటపడ్డారు. తన నివేదిక నమ్మొద్దని ఆయనే కంపెనీకి రాశారు. వాళ్ళు టీకాని అమ్మకానికి పెట్టకుండా ఆపేశారు, పరీక్ష పని ఇంకో ఊరి డాక్టరుకి ఇచ్చారు. ఎంత ఇష్టపడి చేసిన పని! ఆ తర్వాత ఆయన మా వైపు రావడం తగ్గించారు. క్షమించమని అడుగుదామనుకుంటూనే అత్తయ్య గారు రోజులు గడిపేశారు. ఆవిడ మీద నాకిప్పటికీ కోపమూ ఉంది, జాలీ ఉంది.

నిన్న పరామర్శకి వెళ్ళాం. అత్తయ్య గారు డాక్టరు గారి భార్య చేతులు పట్టుకుని ఏడ్చేశారు. "ఆయనకి నా మీద కోపం ఉండిపోయిందాండీ?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "అబ్బే, ఏనాడూ లేదండి. మిమ్మల్ని ఎప్పుడూ మంచిగానే తలిచేవారు" అన్నారు.

బయటికొచ్చాక అత్తయ్య గారు వీధి మధ్యలో ఆగిపోయారు. "ఆవిడ నిజంగానే అన్నారంటావా అమ్మాయ్? నేను నొచ్చుకుంటానని అలా అన్నారా?"

నేనేం చెప్పినా నమ్మేలా లేరు. ఎండలో, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, వాళ్ళ గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డారు.