పిల్లికి రాని రోగం

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం హోసూరులో కృష్ణగిరి బస్సెక్కాను. ఒళ్లో రొయ్యల కూర క్యారియర్. పక్క సీట్లో మత్తూరు దగ్గరి పల్లెకు పోతున్న ఒక పెద్దావిడ కూర్చుంది. వాసన ఇట్టే పట్టేసింది.

“సముద్రం రొయ్యలా? పిల్లికి పెట్టి చూసినావా అప్పా?”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. సముద్రం సరుకు ఐసులో ఎన్నాళ్లు మగ్గి వస్తుందో ఎవరికి తెలుసని, వాళ్లింట్లో ఏది వండినా ముందు పిల్లికే పెడతారని చెప్పింది.

“ఒక పొద్దు ఇట్లే సముద్రం రొయ్యలు వండితే ముందు పిల్లి తినె, బాగుండె. మేమంతా తింటిమి. మిగిలింది పొయ్యి పక్కన్నే ఉంటే, మాపటికి మా కోడలు తినె. తెల్లారేసరికి వాంతులు, బేదులు. ఆస్పత్రికి పోదామని నా కొడుకంటే నేనే వద్దంటిని.”

“ఎందుకమ్మా?”

“నాటకం అనుకొంటిని. ‘పిల్లికి రాని రోగం నీకేమొచ్చిందే?’ అని మొగంమీదే అడిగితిని. మర్నాడు ఆస్పత్రికి ఎత్తుకొని పోతే, నిలవ కూరలో సముద్రం పురుగు పెరిగిండాదని డాక్టరు చెప్పె. ఆ పొద్దే కోడలు సచ్చిపాయ.”

చెబుతూనే నా క్యారియర్ మూత గట్టిగా పడిందో లేదో వేలితో నొక్కి చూసింది.

కృష్ణగిరి వచ్చింది. బస్సు దిగుతూ, “ఆ పిల్లి ఉందా అమ్మా?” అన్నాను.

“ఉండాది. ఇప్పుడూ దానికి పెట్టినాంకే తింటాము.”

ఆమె వెళ్లిపోయింది. బస్టాండులో ఒక బక్క కుక్క నా వెంటపడింది. మూత తీసి, దాని ముందు రెండు రొయ్యలు వేసి, గడియారం చూసుకుంటూ నిలబడ్డాను.